గేటు లోపలి బస్సు

ఆ ఏడు వేట నిషేధం మొదలైన రోజునే మా కాలనీకి బస్సు వచ్చింది. ఏప్రిల్ పదిహేనున అక్కడ చేపలవాళ్ళ పాలెంలో పడవలన్నీ ఒడ్డెక్కాయి, ఇక్కడ మా గేటులో బస్సుకు కొబ్బరికాయ కొట్టారు. ఆ బస్సును తెప్పించిందీ నేనే, పోగొట్టిందీ నేనే. నెలన్నర ముచ్చట. దీన్ని ఇంతవరకు ఎవరికీ మొదటినుంచి చివరిదాకా చెప్పలేదు. చెబితే సిగ్గు తగ్గుతుందన్న ఆశ కూడా లేదు.

ముత్తుకూరు దాటి పోర్టుకు పోయే రోడ్డు పక్కన, పాత రొయ్యల గుంటలు పూడ్చి కట్టిన కాలనీ మాది. నాలుగు బ్లాకులు, రెండు వందల నలభై ఇళ్ళు. ఇళ్ళకన్నా బండ్లు ఎక్కువ. పొద్దున్నే కార్లూ బైకులూ అన్నీ ఒక్కసారే గేటు దాటి రోడ్డెక్కాలని చూస్తాయి. అటునుంచి బొగ్గు లారీలు ఎవరికీ దారి ఇవ్వవు. ఆ జనవరిలో రెండు ప్రమాదాలు జరిగి, బి బ్లాకు ఆయన ఒకరికి కాలు విరిగింది. అప్పుడు మా అసోసియేషన్ ప్రెసిడెంటు నరేంద్రబాబుగారు మీటింగు పెట్టారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఏది చెప్పినా బోర్డు ముందు నిలబడి చెప్పినట్టే ఉంటుంది. కాలనీలో బండ్లు తగ్గాలి, ఊళ్ళోకి పోవడానికి బస్సు కావాలి, ఒకే వైపు పోయే నలుగురు ఒకే కారులో పోవాలి, కూరగాయలకూ పాలకూ సైకిలు తీయాలి అన్నారు. గాలి బాగుపడుతుంది, మన కాళ్ళూ బాగుపడతాయి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ పని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి అనేసరికి అందరూ నావైపు చూశారు.

నేను నెల్లూరులో ఒక కంటి ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుంటాను. నాకు మాటనేర్పు ఉందని అందరూ అంటారు. నిజానికి ఆ మీటింగుదాకా నన్ను కాలనీలో 'సి బ్లాకు నాలుగో అంతస్తు ఆవిడ' అనేవాళ్ళే తప్ప రోజారమణి అని పిలిచినవాళ్ళు లేరు. ఆ రోజు నరేంద్రబాబుగారు నన్ను పేరు పెట్టి, గారు చేర్చి పిలిచారు. నాకు ఒళ్ళంతా పొంగిపోయింది.

మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే బోగోలు వైపు అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు, మా నాన్నది ఆ వైపే. కానీ నేను పుట్టి పెరిగింది కాలనీకి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పాలెంలో. అమ్మ పోయాక నన్ను పెంచింది అమ్మ అక్క, పోలేరమ్మ పెద్దమ్మ. గంప నెత్తిన పెట్టుకుని నెల్లూరు చేపల మార్కెట్టుకు పోయి, సాయంత్రం వచ్చి నాకు అన్నం పెట్టి, దీపం దగ్గర కూర్చోబెట్టి చదివించింది. నా భర్త ముఖేష్‌దీ అలాంటి కుటుంబమే. పోర్టులో క్రేను నడుపుతాడు. పని దగ్గరని ఆ కాలనీలో ఇల్లు తీసుకున్నాం. ఆదివారం పెద్దమ్మను చూడటానికి పోతూ, గేటు దగ్గర ఎవరైనా ఎదురైతే నెల్లూరు పోతున్నామని చెప్పేదాన్ని. ముఖేష్ ఆ మాటకు నవ్వేవాడు. తర్వాత తర్వాత నవ్వడం మానేశాడు.

డిపో వాళ్ళ చుట్టూ నెల రోజులు తిరిగి నెల్లూరుకు బస్సు సాధించాను. మే ఆఖరుదాకా చూస్తాం, పొద్దున ట్రిప్పుకు కనీసం ముప్ఫై మంది ఎక్కితే ఉంచుతాం, లేకపోతే తీసేస్తాం అన్నారు. బస్సు తిరగడానికి రోడ్డు మీద చోటు లేదు కాబట్టి గేటు లోపల, క్లబ్ హౌసు ముందు స్టాపు పెట్టారు. గేటు దాటిందంటే మళ్ళీ ముత్తుకూరులోనే ఆగడం. ఎంత మంది ఎక్కారో రోజూ నోటుబుక్కులో రాసి వారానికోసారి డిపోకు పంపడం నా పని.

మొదటి వారం మా కాలనీ వాళ్ళ ఉత్సాహం చూడాలి. బస్సులో సెల్ఫీలు, వాట్సాప్ గ్రూపులో పచ్చటి ఆకుల బొమ్మలు. ఒకాయన కొత్త సైకిలూ హెల్మెట్టూ కొని, పాల ప్యాకెట్టు కోసం కాలనీని మూడు చుట్లు చుట్టేవాడు. ఒకే ఆఫీసు వాళ్ళు నలుగురు ఒక కారులో బయల్దేరి, ఏసీ ఎంత పెట్టాలన్న దగ్గర తగువు పడి, నాలుగో రోజుకు నాలుగు కార్లలో పోయారు. రెండో వారానికి సైకిలు బాల్కనీ ఎక్కింది. బస్సులో మా వాళ్ళు ఏడుగురు మిగిలారు. ఎండలు ముదిరాయి కదండీ అన్నారు. చల్లబడితే తప్పకుండా ఎక్కుతాం అన్నారు. ఆరంభశూరత్వంలో మాకు సాటి లేదు.

అయినా బస్సు మాత్రం నిండేది. నింపింది మా పెద్దమ్మ.

మొదటి రోజు పొద్దున నేను చీరకు బ్యాడ్జీ పెట్టుకుని అందరినీ నవ్వుతూ ఎక్కిస్తుంటే, గేటులోంచి గంపతో పెద్దమ్మ వచ్చింది. నేను గబుక్కున డ్రైవరు వైపు తిరిగి ఏదో అడిగాను. తిరిగి చూసేసరికి ఆమె వెనక తలుపులోంచి ఎక్కి చివరి సీటులో కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. ఆ ఆదివారం పాలెం పోతే తనే ఆ ఊసెత్తింది.

"నువ్వు ముందర కూచో, మేం ఎనకాల కూచుంటాం. నీ బస్సు నిండితే చాలు గదా" అంది.

అంతటితో ఊరుకోలేదు. అది మన రోజా బస్సు, మనమెక్కకపోతే తీసేస్తారంట అని పాలెమంతా చెప్పుకొచ్చింది. అంతకుముందు ఆ ఆడవాళ్ళను గంపలతో సహా నెల్లూరు చేర్చేది క్రీస్తుదాసు ట్రాలీ ఆటో. ఇరవై ఏడు మంది బస్సెక్కడం మొదలుపెట్టేసరికి అతనికి బేరం లేకపోయింది. పది రోజులు చూసి, ఆటో తీసుకుని నెల్లూరు టౌనుకు వెళ్ళిపోయాడు. పాలెం వాళ్ళకు ఇక ఆ బస్సే దిక్కు. నేనది గమనించాను. గమనించి, బస్సు నిండుతోందని సంతోషించాను.

ఏప్రిల్ చివరి మీటింగులో నరేంద్రబాబుగారు నా నోటుబుక్కు తెరిచి, రోజూ ముప్ఫై నాలుగు మంది అని గట్టిగా చదివారు. మన కాలనీ నుంచి ముప్ఫై నాలుగు మంది బండ్లు మానుకుని బస్సెక్కుతున్నారంటే అది రోజారమణిగారి కృషి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో చాలామంది తాము ఎక్కకపోయినా మిగతావాళ్ళు ఎక్కుతున్నారనుకున్నారు. కాదండీ, మనవాళ్ళు ఏడుగురే, మిగతా అంతా పాలెం ఆడవాళ్ళు అని చెప్పడానికి నాకు అరనిమిషం చాలు. ఆ అరనిమిషం నేను నమస్కారం పెడుతూ గడిపాను.

వేట లేని రోజుల్లో అమ్ముకోవడానికి పచ్చి చేప ఉండదు. ముందే ఎండబెట్టి దాచుకున్న నెత్తళ్ళు, రొయ్యపొట్టు, ఉప్పుచేప, ఇవే గంపల్లోకి వస్తాయి. మే నెల ఎండకు బస్సు పొద్దున్నే పొయ్యిలా కాగుతుంది. ఆ వాసన నాకు వాసన కాదు, ఇల్లు. కానీ బస్సులో కూర్చున్న తక్కిన ఆరుగురు ముక్కులకు కర్చీఫులు పెట్టుకుంటుంటే నేనూ పెట్టుకున్నాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. పెద్దమ్మ వెనక సీటులోంచి చూస్తుండగానే పెట్టుకున్నాను.

మే రెండో వారంలో వాణి చీర పాడైంది. వాణి మా బ్లాకే, బ్యాంకులో పనిచేస్తుంది. ఎండలైనా వానలైనా బస్సు మానని మంచి మనిషి. ఆ రోజు బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ ఉందని లేత రంగు పట్టుచీర కట్టుకొచ్చింది. ముందు సీట్ల మీద ఎండ పడుతోందని వెనక్కి పోయి కూర్చుంది. ఎవరి గంపలోనో ఉప్పుచేప వేడికి నీరు వదిలి, గంప అడుగునుంచి కారి, చీర కుచ్చిళ్ళు తడిపేసింది. పాపం, ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. దిగేటప్పుడు కళ్ళలో నీళ్ళు మాత్రం కనిపించాయి. ఆ ఫోటో గ్రూపులోకి ఎట్లా వచ్చిందో తెలియదు. సాయంత్రానికి రెండు వందల మెసేజీలు. నెలలో ఒక్కసారి కూడా బస్సు మొహం చూడనివాళ్ళు, ఆ వాసన భరించలేకనే తాము బస్సు మానేశామని రాశారు.

మర్నాడు నరేంద్రబాబుగారు కమిటీని పిలిచారు. ఆయన దుర్మార్గుడు కాదు. వాళ్ళ బతుకుతెరువు వాళ్ళది, మనం కాదనకూడదు అనే మొదలుపెట్టారు. కానీ మనవాళ్ళు ముప్ఫై మంది ఎంతో కష్టపడి బండ్లు మానుకున్నారు, ఈ ఇబ్బందికి విసిగి మళ్ళీ కార్లు తీస్తే మొదటికే మోసం వస్తుంది, కాబట్టి గంపలతో గేటు లోపలికి రావద్దందాం అన్నారు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. తప్పంతా ఆ ముప్ఫై అన్న మాటలో ఉంది, ఆ మాట నాది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెబితే నెలరోజులుగా చప్పట్లు కొట్టించుకున్నది ఉత్తదని తేలుతుంది. పాలెం వాళ్ళ తరఫున మాట్లాడితే, ఈమెకెందుకింత బాధ అని ఎవరైనా ఆరా తీస్తారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నన్నెవరూ ఏమీ అడగకముందే నేను భయపడ్డాను. మీ చేతిరాత బాగుంటుంది, నోటీసు మీరే రాయండి అన్నారు. సరేనన్నాను.

ఇంట్లో బల్ల మీద పెట్టి రాస్తుంటే ముఖేష్ డ్యూటీ దిగి వచ్చి చదివాడు. 'చేపల గంపలతో గేటు లోపలికి ప్రవేశం లేదు.' మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు అన్నాడు.

"మా అత్త ఎక్కే బస్సు ఆపి, నువ్వు ఎవురికి నడపతావు బస్సు?"

"నేనొక్కదాన్నే ఆపుతుండానా? కమిటీ చెప్పింది" అన్నాను.

"రాసింది నువ్వే గదా" అని స్నానానికి పోయాడు. ఆ మాట మీద మళ్ళీ మాట పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

సోమవారం పొద్దున ఆరుంపావుకు గేటు స్తంభానికి నా నోటీసు అంటించి ఉంది. పాలెం ఆడవాళ్ళు గంపలు దించి, అది ఏమిటని సెక్యూరిటీ అతన్ని అడుగుతున్నారు. అతను పైకి చదివి వినిపించాడు. నేను క్లబ్ హౌసు ముందు నోటుబుక్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా పక్కన వాణి ఉంది. లోపలికి పరుగెత్తి పోదామా అనిపించింది కానీ అప్పటికే అందరూ నన్ను చూశారు.

"ఇది రాసింది ఎవురు?" అని అడిగింది చెంచమ్మ. మా పెద్దమ్మ పక్కింటామె, నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. సెక్యూరిటీ అతను నావైపు చెయ్యి చూపించాడు. చెంచమ్మ కొంగు బిగించి గేటు లోపలికి నాలుగడుగులు వేసింది.

"ఏమ్మే, రో..."

పెద్దమ్మ వెనకనుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఊరుకోయే చెంచా. అమ్మగారికి మనమెట్ట తెలస్తాం" అంది. తర్వాత నన్ను చూసి, "గేటు బయట నిలబడితే ఆపుతారా అమ్మగారూ?" అని అడిగింది.

బయట లారీల మధ్య ఆపడం కుదరదని డ్రైవరే చెప్పాడు. పెద్దమ్మ తల ఊపింది. వాణి నావైపు వంగి, మీకు తెలిసినవాళ్ళా అని మెల్లగా అడిగింది.

"తెలియదు" అన్నాను.

అని, నోటుబుక్కులో తేదీ వేయడానికి తల వంచుకున్నాను. మళ్ళీ తల ఎత్తేసరికి వాళ్ళు గంపలు ఒకరికొకరు ఎత్తుకుని రోడ్డు వారగా నడుస్తున్నారు. ఆ రోజు బస్సులో ఏడుగురం కూర్చున్నాం. గాలి బాగా ఆడుతోందని ఎవరో అన్నారు.

ఆ తర్వాత వారం నేను పంపిన లెక్కలు చూసి డిపో నుంచి ఫోను చేశారు. ముప్ఫై నాలుగు ఏడెట్లా అయిందని అడిగారు. ఎండలండీ అన్నాను. మా వాళ్ళ దగ్గర నేర్చుకున్న జవాబే. మే ఆఖరున కండక్టరు వచ్చి, జూన్ మొదటి తేదీ నుంచి ట్రిప్పు ఉండదని చెప్పాడు. పోతూ పోతూ, ఆ చేపల ఆడవాళ్ళను రానిచ్చి ఉంటే నిలబడేదమ్మా, నిండేది వాళ్ళతోనే గదా అన్నాడు. పక్కనే ఉన్న నరేంద్రబాబుగారు అది విన్నారు. నావైపు ఒకసారి చూశారు. నేను చీవాట్లకు సిద్ధపడ్డాను, చెప్పాలంటే వాటి కోసం ఎదురుచూశాను. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, పోనీలెండి, మన ప్రయత్నం మనం చేశాం అన్నారు. ఆ వారం మీటింగులో నాకు శాలువా కప్పి వేపమొక్క చేతిలో పెట్టారు. వాణి స్కూటరు కొనుక్కుంది. గేటు దగ్గర పొద్దున రద్దీ ఎప్పట్లాగే మొదలైంది. బస్సు పోయింది కానీ గేటు స్తంభం మీది నోటీసు తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా.

పెద్దమ్మ దగ్గరికి పోలేదు. ఆ సోమవారం తర్వాత వచ్చిన ఆదివారాలన్నీ నిజంగానే నెల్లూరు పోయాం.

జూన్ పదిహేనున పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగాయి. వేట మొదలైన మొదటి రోజు పడిన చేపల్లో మంచిదొకటి పెళ్ళయి పోయిన ఆడపిల్లకు పంపడం మా ఇళ్ళలో ఆనవాయితీ. నా పెళ్ళయినప్పటి నుంచి పెద్దమ్మ ఒక్క ఏడు తప్పలేదు. ఆ ఏడు ఒక రోజు చూశాను, రెండు రోజులు చూశాను. రాలేదు. రాకపోవడమే న్యాయమనిపించింది. తిట్టి పంపినా బాగుండు, తిట్టకుండా మానేస్తే ఎట్లా తట్టుకోవడం అనిపించింది. మూడో రోజు సెలవు పెట్టి, బండి తీయకుండా, ఆ ఆడవాళ్ళు వచ్చే దారినే పాలెం నడిచాను. రెండు కిలోమీటర్లే. లారీలు మీదికి వస్తుంటే మూడు చోట్ల రోడ్డు దిగి ముళ్ళకంపలో నిలబడాల్సి వచ్చింది.

మార్కెట్టుకు పోయి ఉండాల్సిన వేళకు పెద్దమ్మ ఇంటి ముందు నీడలో కూర్చుని వల చిక్కు తీస్తోంది. చెంచమ్మ నన్ను చూసి లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. మార్కెట్టులో పెద్దమ్మ ఇరవై రెండేళ్ళుగా కూర్చున్న చోట ఇప్పుడు వేరే ఆమె కూర్చుంటోందట. ఎనిమిది లోపల చేరకపోతే చోటు నిలవదు. నడిచి ముత్తుకూరు చేరి, అక్కడ ఆటో దొరికి పోయేసరికి పది అవుతోంది. అందుకని ఒడ్డు మీదికి వచ్చే దళారికే చేప ఇచ్చేస్తున్నానని, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. మోకాళ్ళకు కూడా సుఖంగానే ఉందిలే అంది.

దారిలో నేను చాలా మాటలు పేర్చుకున్నాను.

"పెద్దమ్మా, ఆ రోజు గేటు కాడ నేను..."

"ఎండలో నడిచొచ్చినావా? మొకమంతా కమిలిపొయ్యింది" అని లేచి, కుండలో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తాగుతుండగానే లోపలికి పోయి ఐసు పెట్టెలోంచి వంజరం తీసుకొచ్చింది. మూరెడు చేప. దాని కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి.

"మొదటి రోజు పడిందే. నీకోసం ఎత్తిపెట్టినా. పంపుదామంటే ఎవురి చేత పంపేది, మీ గేటులో చేపలు రానీరు గదా" అంది.

నేను ఆమె మొహం చూశాను. ఎత్తిపొడుపు ఎక్కడైనా ఉంటుందేమోనని వెతికాను. లేదు. ఆమె నిజంగానే దారి తోచక మూడు రోజులు ఐసు మారుస్తూ కూర్చుంది. చేపను కడిగి, పేపరులో చుట్టి, కవరులో పెట్టింది. ఆ కవరును ఇంకో కవరులో పెట్టి మూతి కట్టింది. దాన్ని మళ్ళీ నెల్లూరు బట్టల షాపు సంచిలో దూర్చి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మూడు ఏసినా. లిఫ్టులో కూడా తెలీదు. ఎవురన్నా అడిగితే బజార్లో కొన్నానని చెప్పు" అంది.

ఏడుద్దామన్నా ఆమె ముందు ఏడ్చే అర్హత కూడా లేదనిపించింది. సంచి పట్టుకుని వచ్చేశాను. ఆమె రోడ్డు దాకా వచ్చి, లారీలొస్తాయి పక్కన నడువు అని చెప్పి ఆగిపోయింది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను నమస్కారం పెట్టాడు. సంచి వైపు చూడనైనా చూడలేదు. లిఫ్టులో వాణి కలిసింది. కొత్త స్కూటరు తాళం వేలికి తిప్పుకుంటూ, ఏంటండీ సెలవా, ఏం కొన్నారు అని అడిగింది. చేప అన్నాను.

"చేపా? అసలు వాసనే రావట్లేదే. అంత మంచిది ఎక్కడ దొరికింది?"

నాలుగో అంతస్తు ఇంకా రాలేదు. మా పెద్దమ్మ ఇచ్చింది, ఆ రోజు గేటు దగ్గర మీరు చూశారే, ఆమే మా పెద్దమ్మ. ఆ మాట నాలుక చివరదాకా వచ్చింది. రాలేదని చెప్పను.

"బజార్లో కొన్నాను" అన్నాను.